వదిన ఇచ్చిన అపాయింట్‌మెంట్లు

పళ్ళ డాక్టరు దగ్గరికి సరదాపడి వచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. పన్ను సలుపుతున్నంతసేపూ ఆయనంత మంచివాడు లేడంటారు. మాత్ర వేసుకుని కాస్త తెరిపిన పడ్డారా, ఇక ఆ వీధి మొహం కూడా చూడరు. అలా తప్పించుకు తిరిగేవాళ్ళను బుజ్జగించి, బతిమాలి, అవసరమైతే కాస్త దెప్పి, మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోబెట్టడమే వదిన ఉద్యోగం.

మందుల షాపు పైన రెండు గదుల క్లినిక్ అది. లోపలి గదిలో డాక్టరుగారు, ఆయన మిషను. బయటి గదిలో గోడవారగా ఒకదానికొకటి అతికించిన ఇనుప కుర్చీలు, మూల ఒక గాజు బల్ల, దాని వెనక వదిన, ఆమె చెవికి అంటుకుపోయిన ఫోను. "వస్తారా?" అని ఆమె ఎప్పుడూ అడగదు. అలా అడిగితే "చూస్తానండీ" అంటారు. చూస్తానన్నవాడు చచ్చినా రాడు. "పొద్దున వస్తారా, సాయంత్రం వస్తారా?" అని అడుగుతుంది. అవతలి మనిషి ఆ రెండింటిలో ఒకటి ఎంచుకునే హడావుడిలో అసలు రానని చెప్పడమే మరిచిపోతాడు. ఈలోగా వదిన "పోయినసారి మీ పాపకి పరీక్షలన్నారు, బాగా రాసిందా?" అంటుంది. పాప పరీక్షలు గుర్తుపెట్టుకున్న మనిషికి మొహం చాటేయడం ఎవరికైనా కష్టమే.

నిజానికి ఆమెను వదిన అని పిలవాల్సినవాడు మరిది ఒక్కడే. అతని స్నేహితులు పిలిచారు. వాళ్ళను చూసి మందుల షాపువాళ్ళు అందుకున్నారు. చివరికి డాక్టరుగారు కూడా ఒకరోజు తలుపు సందులోంచి తల బయటపెట్టి "వదినగారూ, తరవాత ఎవరు?" అనేసి, నాలిక్కరుచుకున్నారు. అప్పటికే ఆలస్యమైపోయింది. అంతమందికీ ఆమె వదినే.

ఆ మరిది పాటలు కడతాడు, గిటారు వాయిస్తాడు, పాడతాడు. అతనితో ఇంకో ఇద్దరున్నారు. డ్రమ్ములు వాయించే కుర్రాణ్ణి అందరూ పిడుగు అంటారు. నడిచేటప్పుడు కూడా చప్పుడు చేస్తాడు మరి. కీబోర్డు వాయించేది లెక్కల ట్యూషన్లు చెప్పే మాస్టారు. ఆయన వాళ్ళిద్దరికంటే పెద్దవాడు, నిదానస్థుడు, పాట మధ్యలో కూడా కళ్ళజోడు తుడుచుకోగల సమర్థుడు. ముగ్గురూ వదిన వాళ్ళ ఇంటి మేడ మీద గదిలో సాధన చేస్తారు. గోడలకు పాత పరుపులు కట్టారు, కిటికీకి దుప్పటి మేకులతో కొట్టారు, అయినా చప్పుడు కిందికి దిగుతూనే ఉంటుంది. బృందం పేరు కోసం మూడు నెలలు కొట్టుకుని, విసుగొచ్చి చివరికి ఆ గది పేరే పెట్టుకున్నారు: మేడగది.

"కింద నేనొక మనిషిని ఉన్నానని గుర్తుందా? నా గుండె చప్పుడు కూడా మీ డ్రమ్ముల్లోదే అనుకుంటున్నారా?" అని అత్తగారు మెట్ల దగ్గర నిలబడి రోజూ అరుస్తుంది. అరిచి, వాళ్ళకని కలిపిన కాఫీ తనే పైకి పంపిస్తుంది.

అలాంటిది ఒక సాయంత్రం వదిన క్లినిక్ నుంచి వచ్చేసరికి అత్తగారు కంగారుగా ఎదురొచ్చింది.

"అమ్మాయ్, పైన చప్పుడు లేదు. ముగ్గురూ ఉన్నారు. చప్పుడు మాత్రం లేదు. నువ్వోసారి వెళ్ళి చూడు, నాకేదో కాళ్ళూ చేతులూ ఆడటం లేదు."

వదిన పైకి వెళ్ళింది. ముగ్గురూ నేలమీద గోడకి చేరగిలబడి కూర్చున్నారు. పిడుగు చేతుల్లో కర్రలు లేవు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్ళో దాచుకున్నట్టున్నాడు.

సంగతి ఇదీ. పిడుగు వాళ్ళ బాబాయికి పేరున్న ఆర్కెస్ట్రా ఉంది. పెళ్ళిళ్ళు, సభలు, ఏడాది పొడుగునా పనే. డ్రమ్ముల మనిషి కావాలి, సొంత అన్న కొడుకు ఉండగా బయటివాణ్ణి ఎందుకు పెట్టుకోవాలంటాడాయన. "ఈ నెలాఖరుకి ఏ సంగతీ చెప్పాలి వదినా" అన్నాడు పిడుగు. "ఇంట్లో అమ్మ రోజూ పోరుపెడుతోంది. మీ పాటలు మీరు తప్ప ఎవరు వింటున్నార్రా అంటోంది. ఏం చెప్పను?"

పిడుగు వెళ్ళిపోతే మేడగది ఉండదు. ముగ్గురికీ ఆ విషయం తెలుసు. వారాంతాల్లో ఓ హోటల్లో భోజనాల దగ్గర ఎవరెవరి పాటలో వాయించడం తప్ప వాళ్ళు చేసిందేమీ లేదు. సొంతంగా కట్టుకున్న పాటలు మాత్రం డజనున్నాయి, అన్నీ ఆ పరుపుల గోడల మధ్యే పడున్నాయి.

"ఒక్కసారి" అన్నాడు మరిది. "ఒక్కసారి మన పాటలు మాత్రమే పెట్టి కచేరీ చేద్దాం. సహకార బ్యాంకు పైన మీటింగు హాలు నెలాఖరుకి మాట్లాడాను. హాలు నిండితే వీడు ఉంటాడు. నిండకపోతే... గిటారు అటక మీద పెట్టేస్తాను వదినా. ఇంక ఎవర్నీ విసిగించను."

ఆ మాట అంటున్నప్పుడు అతను వదిన వైపు చూడలేదు. వదిన కాపురానికొచ్చిన కొత్తలో ఆ కుర్రవాడు స్కూలు సంచి పక్కన పడేసి, తీగ తెగిన గిటారుతో ఇల్లంతా తిరిగేవాడు. ఆ ఇంట్లో ఆమెతో మొట్టమొదట మాట కలిపింది వాడే. "వదినా, ఒక పాట వింటావా?" అన్నాడు. ఆ మాట అనని రోజు ఆ తరవాత ఒక్కటి కూడా లేదు.

"సరే" అంది వదిన. "పోస్టరు వేశారా?"

ఎంతో గర్వంగా తెచ్చి చూపించాడు. నల్లటి కాగితం మీద ఎర్రటి మంటలు, మంటల మధ్య మెలికలు తిరిగిన అక్షరాలు. వదిన దాన్ని దగ్గరగా పెట్టుకుని చూసింది, దూరంగా పెట్టుకుని చూసింది.

"ఇది ఏమిటయ్యా? అగ్నిమాపక కేంద్రం వాళ్ళదా?"

"మేడగది అని రాశాం వదినా."

"ఎక్కడ? ఎప్పుడు?"

"కింద మూలలో ఉంది చూడు."

"కనబడింది. దవడ పన్నులో ఇరుక్కున్న మెతుకులా ఉంది. అద్దం పెట్టి చూస్తే గానీ తెలియదు." పోస్టరు మడిచి చంకలో పెట్టుకుంది. "ఈ శనివారం నేనూ హోటలుకి వస్తాను. మీరెలా వాయిస్తారో నాకు తెలుసు. జనం ఎలా వింటారో చూడాలి."

శనివారం ఆ హోటల్లో మూల బల్ల దగ్గర కూర్చుని, బృందం వైపు వీపు పెట్టి, తినేవాళ్ళ మొహాలు చూసింది వదిన. వాళ్ళు తింటున్నారు, మాట్లాడుకుంటున్నారు, పిల్లల మూతులు తుడుస్తున్నారు. వెనక వాయిద్యాలు ఫ్యానులాగా తిరుగుతున్నాయి, అంతే. అయితే చివర్లో, మేనేజరు చూడకుండా మరిది తన పాట ఒకటి మెల్లగా దూర్చాడు. ఇంటికొచ్చిన మనిషిని వెళ్ళనివ్వలేక వానని అడ్డం పెట్టుకునే పాట. "ఇంకాసేపు కూర్చోరాదా, వానైనా వెలవనీ" అని పల్లవి. అప్పుడు కిటికీ పక్కన ఒంటరిగా తింటున్న ఒక నర్సమ్మ చేతిలో చెంచా సగం దారిలో ఆగిపోయింది. పాట అయ్యేదాకా అది నోటి దాకా వెళ్ళలేదు, పళ్ళెంలోకి దిగలేదు.

వదిన లేచి వెళ్ళి ఆమె ఎదుట కూర్చుంది. "పాట కట్టింది మా మరిదేనండి. మీకు ఎక్కడ నచ్చింది?" అని అడిగింది. నర్సమ్మ ఎక్కడ నచ్చిందో చెప్పింది, ఎందుకు నచ్చిందో చెప్పింది, ఎప్పుడొచ్చినా పది నిమిషాలు కూర్చోకుండా వెళ్ళిపోయే వాళ్ళ అక్క సంగతి చెప్పింది, ఫోను నంబరు ఇచ్చింది. వదిన ఆ నంబరు పక్కన "చెంచా నర్సమ్మ, వాన పాట" అని రాసిపెట్టుకుంది.

దారిలో మరిదికి క్లాసు పీకింది. "ఆ వాన పాటని చివర్లో ఎందుకు దాచావు?"

"అది మరీ తేలిక పాట వదినా. రెండు ముక్కలు. మొదట మాకో పెద్ద వాయిద్యాల ముక్క ఉంది, ఎనిమిది నిమిషాలు. దాంతో మొదలుపెడితే వీళ్ళకి పనితనం ఉందని తెలుస్తుంది."

"ఎవరికి తెలుస్తుంది?"

"తెలిసినవాళ్ళకి."

"తెలిసినవాళ్ళు ఈ వీధిలో మాస్టారొక్కరే. ఆయన స్టేజి మీదే ఉన్నారు. బాగున్న పన్ను నవ్వితే కనబడాలి గానీ, నోట్లో వేలు పెట్టి చూపించుకుంటామా? ముందు అదే పాడండి."

హోటలు మేనేజరు మంచి మాటకారి. కచేరీ సంగతి తెలిసి, దానికి ముందు వారం తన హోటలు వార్షికోత్సవానికి ఊరికే వాయించమన్నాడు. "డబ్బులదేముందమ్మా, మీవాళ్ళకి బోలెడంత పబ్లిసిటీ కదా."

"మా డాక్టరుగారిని పంపిస్తానండి" అంది వదిన తాపీగా. "పబ్లిసిటీ కోసం మీ పళ్ళు ఊరికే పీకుతారేమో అడిగి చూడండి." మేనేజరు పళ్ళు కనబడకుండా నవ్వాడు. చివరికి పారితోషికం ఇవ్వడమే కాక, భోజనాలయ్యాక అరగంట సొంత పాటలకు ఒప్పుకున్నాడు.

కానీ అరగంటలో ఎంతమంది చెంచాలు ఆగుతాయి? వదినకు ఇంకో ఆలోచన వచ్చింది. పనిలో ఉన్నవాడి చెవిన పాట పడితే చిరాకు. వేచి ఉన్నవాడికి అదే పాట వరం. ఎక్కడైతే జనం ఏ పనీ లేక, ఎటూ పోలేక కూర్చుని ఉంటారో అక్కడికి పాటని తీసుకెళ్ళాలి. అలాంటి చోటు ఆమె కళ్ళెదుటే ఉంది. మరునాడే డాక్టరుగారి గదిలోకి వెళ్ళింది.

"వెయిటింగు రూములో గిటారా?" అన్నారాయన.

"డ్రమ్ములు ఉండవండి. గిటారొక్కటే, మెల్లగా. మీ మిషను చప్పుడు బయటికి వినబడదు. ఆ చప్పుడు వినే కదా సగంమంది మెట్లు దిగిపోతున్నారు."

డాక్టరుగారు తన మిషను వైపు చూశారు. "శనివారం పొద్దున పెట్టి చూద్దాం. నాకు వినబడేటట్టు తలుపు కాస్త తీసి ఉంచండి."

అలా శనివారాలు మరిది ఇనుప కుర్చీలో కూర్చుని పాడాడు. బుగ్గ పట్టుకుని వచ్చినవాళ్ళు బుగ్గ వదిలేశారు. ఒకాయన పిలుపు వచ్చినా లేవకుండా "ఈ చరణం అయ్యాక వస్తా" అన్నాడు. ఆ క్లినిక్‌లో అలాంటి మాట అంతకుముందు ఎవరూ అనలేదు. తరవాత లాండ్రీలో బట్టలకోసం కూర్చున్నవాళ్ళ దగ్గర, టైర్ల షాపులో పంక్చరుకోసం ఆగినవాళ్ళ దగ్గర పాడాడు, పక్కన పిడుగు వేళ్ళతో తాళం వేశాడు. పాట అయిన ప్రతిచోటా వదినో అత్తగారో పక్కన కూర్చుని ఎక్కడ నచ్చిందని అడగడం, వాళ్ళు చెప్పింది ఫోనులో రాసుకోవడం. "పంక్చరైన బుల్లెట్ బండి మామయ్య, రెండో చరణం దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు." "ఇస్త్రీ అక్కచెల్లెళ్ళు, చిన్నామెకు పిడుగు నచ్చాడు."

మరిది వాళ్ళ పాట ముక్కలు ఫోనులో పెడుతూనే ఉన్నాడు. ఒక ముక్కను వేలమంది చూశారని ఒకరోజు ఎగిరి గంతేస్తూ వచ్చాడు. "మంచిదే" అంది వదిన. "వాళ్ళలో ఆ రోజు మెట్లెక్కి హాలుకి వచ్చేది ఎవరో చెప్పు, కుర్చీలు వేయిస్తాను." ఎక్కడెక్కడివాళ్ళో, అతనికీ తెలియదు. అయితే అతను ఊరుకోలేదు. మంచి ఉపాయమే కనిపెట్టాడు. వదిన ఫోనులో రాసుకున్న ఒక్కొక్కరికీ వాళ్ళకు నచ్చిన చరణాన్నే పాడి, వాళ్ళను పలకరించి పంపించాడు. ఆ పని వదినకు కూడా తట్టలేదు. "వీడు నన్ను మించిపోయాడత్తయ్యా" అని ఆ రోజు కింద చెప్పుకుంది. పోస్టరు కూడా మారింది. తెల్ల కాగితం, పెద్దక్షరాలు, పేరు, చోటు, సాయంత్రం ఏడు గంటలు.

కచేరీకి ముందు రెండు రోజులూ ఫోన్లే. వదిన ముందుగదిలో, అత్తగారు వంటింట్లో. "నువ్వెలా మాట్లాడితే అలాగే మాట్లాడతానమ్మాయ్, నా సొంత తెలివి వాడను" అని అత్తగారు మాటిచ్చింది. మాట నిలబెట్టుకుంది కూడా. ఒక్కొక్కరితో కాస్త ఎక్కువసేపు మాట్లాడింది, అంతే. ఒకామెకు మోకాళ్ళ నొప్పికి వ్యాయామం కూడా చెప్పింది. ఎవరూ "చూస్తాం" అనలేదు. అందరూ వస్తామన్నారు.

కచేరీ సాయంత్రం సహకార బ్యాంకు పైన హాల్లో వదిన భర్త తీగలు లాగి దీపాలు పెట్టాడు. మడత కుర్చీలు వరసలుగా పరిచారు. ముందు వరసలో మధ్య కుర్చీలో పిడుగు వాళ్ళ బాబాయి అందరికంటే ముందే వచ్చి చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆయన రావడం పిడుగుకి తెలియదు. చూడగానే మొహం పాలిపోయింది.

ఏడయింది. రెండు వరసలు నిండాయి. వెనక అంతా ఖాళీ కుర్చీలు, నోళ్ళు తెరుచుకుని చూస్తున్నట్టు.

"వదినా" అన్నాడు మరిది తెర పక్కనుంచి. "అందరూ వస్తామన్నారన్నావు."

"అందరూ అన్నారు."

"మరి?"

వదిన గుమ్మంలోకి పరుగెత్తింది. వీధి ఖాళీ. బాబాయి చేతి గడియారం చూసుకుంటున్నాడు. ఎన్ని నోళ్ళు చూసింది, ఎంతమందిని పలకరించింది, అంతా మొహమాటానికి తలూపారా? పిడుగు ఒక కర్రని రెండో కర్రతో చప్పుడు లేకుండా తట్టుకుంటూ కూర్చున్నాడు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు. బుల్లెట్ మామయ్య, వెనకాల ఆయన భార్య, బావమరిది, ఇంకా ఓ పదిమంది. ఆయన గర్వంగా గడియారం చూపించాడు.

"చూశారా అమ్మా, మీరు ఏడుంపావు అన్నారు, సరిగ్గా ఏడుంపావుకి వచ్చాను. నిమిషం అటూ ఇటూ లేదు."

"ఏడుంపావు... నేనన్నానా?"

"మీరే కదండీ! పోస్టరు మీద ఏడని ఉంది, కానీ మీరు స్వయంగా ఫోను చేసి చెప్పారు కదా, మాది రెండో బ్యాచి అనుకున్నాం. మా తోడల్లుడికి ఏడున్నర ఇచ్చారు. కాస్త ముందు ఇవ్వకూడదూ అని అలిగాడు."

వదినకు అప్పుడు వెలిగింది. క్లినిక్‌లో ఇద్దరిని ఒకే సమయానికి ఎప్పుడూ రమ్మనదు. పక్కపక్కన కూర్చుంటే పేషెంట్లు ఒకరి నొప్పి ఒకరికి చెప్పుకుని, హడలిపోయి, ఇద్దరూ కలిసి లేచి వెళ్ళిపోతారు. అందుకే పావుగంటకొకరు. ఇన్నేళ్ళ అలవాటు. తలకాయ పాటల్లో ఉంటే నాలుక తనపాటికి తను క్లినిక్ నడిపేసింది. కచేరీకి ఊరందరికీ అపాయింట్‌మెంట్లు ఇచ్చింది!

"అత్తయ్యా!" అని కేకేసింది. "మీరేం చెప్పారు జనానికి?"

"నువ్వు చెప్పినట్టే చెప్పానమ్మాయ్. పావుగంటకొక గుంపు. ఆఖరి గుంపుకి ఎనిమిదింపావు. ఎందుకూ, తప్పా? నాకప్పుడే అనిపించింది సుమా, ఇదేమిటీ అని. నీ పద్ధతి నీకుంటుంది కదా అని ఊరుకున్నా."

తెర పక్కన ఇది విన్న పిడుగు ముందు నోరు తెరిచాడు. తరవాత పగలబడి నవ్వాడు. నవ్వీ నవ్వీ స్టూలు మీంచి కింద పడ్డాడు, తాళాల పళ్ళేలు కూడా ఖంగుమని పడ్డాయి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మరిది మాత్రం నవ్వలేదు. "అంటే జనం వస్తారు వదినా. కానీ కచేరీ అయిపోయేటప్పుడు వస్తారు. వాన పాట ముందు పాడమన్నావు. ముందు వచ్చినవాళ్ళు వింటారు. మిగతావాళ్ళు దానికోసమే వస్తున్నారు కదా, ఏం చెబుతాం?"

ఎప్పుడూ ఫోనులో ఒక్క చెవితోనే మాట్లాడిన మనిషి వదిన. ఇంతమంది ఎదుట నోరు విప్పింది లేదు. తిన్నగా వెళ్ళి మైకు ముందు నిలబడింది.

"నమస్కారమండి. తప్పు నాది. నేను పళ్ళ ఆసుపత్రిలో పనిచేస్తాను. అలవాటు కొద్దీ మీ అందరికీ తలో సమయం ఇచ్చేశాను."

హాల్లో నవ్వు మొదలైంది. బుల్లెట్ మామయ్య లేచి "మరి నాకు పీకుతారా, కడతారా?" అని అరిచాడు. నవ్వు పెద్దదైంది.

"ఈ పూట కట్టడమే మామయ్యగారూ. ఇప్పుడు మా వాళ్ళు ఒక పాట పాడతారు. పావుగంటకొకసారి కొత్తవాళ్ళు వస్తుంటారు. వాళ్ళు ఏ పాట కోసం వస్తున్నారో ఆ పాట వాళ్ళకు వినిపించాలి కదా. అందుకని గుంపు వచ్చినప్పుడల్లా అదే మళ్ళీ పాడతారు. మీకు విసుగొస్తుంది, నాకు తెలుసు. ఒక పని చేయండి. ఒకసారి విన్నవాళ్ళు ఊరికే కూర్చోకండి. కొత్తవాళ్ళకు మీరే పాడి వినిపించండి."

ఎనిమిది నిమిషాల వాయిద్యాల ముక్క ఆ సాయంత్రం పుట్టకుండానే పోయింది. మరిది వాన పాట ఎత్తుకున్నాడు. జనం విన్నారు. తరవాత ఇంకో రెండు పాటలు పాడారు. ఏడున్నర గుంపు మెట్లెక్కింది: ఇస్త్రీ అక్కచెల్లెళ్ళు, టైర్ల షాపువాళ్ళు, అలిగిన తోడల్లుడు. వాళ్ళు కుర్చీలు వెతుక్కుంటుండగానే పిడుగు కర్రలతో నాలుగు దెబ్బలు కొట్టాడు. వాన పాట మళ్ళీ మొదలైంది. ఈసారి పల్లవి దగ్గర ముందు వరసల్లోంచి సన్నగా గొంతులు కలిశాయి, కాస్త సిగ్గుపడుతూ.

మూడోసారికి సిగ్గు పోయింది. ఏడుంముప్పావు గుంపులో చెంచా నర్సమ్మ, ఆమె అక్క వచ్చారు. గుమ్మంలో అడుగుపెడుతుండగానే అంతమంది వాళ్ళ వైపు తిరిగి "ఇంకాసేపు కూర్చోరాదా" అని పాడారు. నర్సమ్మ నిలబడిపోయింది. అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. బుల్లెట్ మామయ్య లేచి తన కుర్చీ ఇచ్చి, తను కిటికీ అరుగెక్కి కూర్చున్నాడు. మాస్టారు ఒక్కోసారి ఒక్కో కొత్త మెట్టు కలుపుతూ పోయారు. ఒకసారి సన్నగా, ఒకసారి జోరుగా, ఒకసారి వాయిద్యాలేమీ లేకుండా చప్పట్ల మీద. అదే పాట, కానీ ప్రతిసారీ అంతకుముందు లేని గదొకటి తెరిచినట్టు ఉంది.

ఎనిమిదింటికి కుర్చీలు అయిపోయాయి. గోడల వెంట మనుషులు. అత్తగారికి కుర్చీ లేక స్పీకరు పెట్టె మీద కూర్చోబెట్టారు. పెట్టె దడదడలాడుతుంటే "ఒరే, నా నడుం నొప్పి పోయిందిరా!" అని కేకేసింది. బ్యాంకు కాపలాదారు తలుపు రెండో రెక్క కూడా తీసేసి, తను కూడా పల్లవి పాడుతూ నిలబడ్డాడు.

ఎనిమిదింపావుకి ఆఖరి గుంపు. అందులో డాక్టరుగారు ఉన్నారు. ఎవరి పన్నో పూర్తిచేసి, తెల్లకోటు విప్పడం మరిచిపోయి వచ్చారు. కోటు చూడగానే హాలంతా గొల్లుమంది. ఆయన బెదిరి ఒక మెట్టు వెనక్కి దిగారు. ఎవరో చెయ్యిపట్టుకుని లాగారు. పిడుగు కర్రలెత్తాడు. మరిది మైకు దగ్గరికొచ్చి నోరు తెరిచాడు. కానీ అతను మొదలుపెట్టకముందే హాలు మొదలుపెట్టేసింది.

పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి. ఒక్క మాట తప్పిపోలేదు. మరిది గిటారు మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. మైకు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు. ఎవరూ గమనించలేదు. తను పరుపుల గోడల మధ్య కూర్చుని ఒక్కడే అల్లుకున్న పాటని తను లేకుండా ఇంతమంది పాడుతున్నారు. గుమ్మంలో నిలబడ్డ వదిన కూడా పాడింది. ఆమె శ్రుతి ఎప్పుడూ ఎక్కడో ఉంటుంది, ఇంట్లో అందరికీ తెలుసు. ఆ జోరులో ఎవరికీ పట్టలేదు.

పాట అయ్యాక చప్పట్లు చాలాసేపు ఆగలేదు. అవి కాస్త సద్దుమణిగేసరికి బాబాయి లేచి స్టేజి ఎక్కాడు. పిడుగు గభాల్న లేచి నిలబడ్డాడు.

"బాబాయ్, అదీ... నెలాఖరు..."

"నోర్మూసుకో" అన్నాడు బాబాయి. "నీకు నేను ఉద్యోగం ఇవ్వను."

"అంటే?"

"అంటే ఏమిట్రా? ఇన్నేళ్ళుగా పెళ్ళిళ్ళలో వాయిస్తున్నాను. జనం తింటూ వింటారు. ఒక్కరోజు, ఒక్కరంటే ఒక్కరు, మాతో కలిసి పాడలేదు. నిన్ను తీసుకెళ్ళి ఆ భోజనాల పక్కన కూర్చోబెడితే మీ అమ్మ సంతోషిస్తుందేమో గానీ, నాకు రాత్రి నిద్ర పట్టదు. మీ అమ్మకి నేను చెప్పుకుంటాను." వదిన వైపు తిరిగాడు. "అమ్మా, ఈ వాన పాట మా వాళ్ళు కూడా వాయించుకోవచ్చా?"

"వాయించుకోండి బాబాయిగారూ" అంది వదిన. "ఎవరి పాటో ముందు చెప్పాలి. ప్రతిసారీ చెప్పాలి. ఊరికే కూడా కాదు, ఆ సంగతి రేపు కూర్చుని మాట్లాడుకుందాం."

"అబ్బో! ఈవిడ ఉండగా మీకు నేనెందుకురా?" అని బాబాయి నవ్వుతూ పిడుగు వీపు మీద ఒక్కటి చరిచాడు.

జనం ఇళ్ళకు పోకుండా మెట్ల మీద, వీధిలో గుంపులు గుంపులుగా నిలబడ్డారు. మళ్ళీ ఎప్పుడని అడిగేవాళ్ళు కొందరు, మా షాపులో వాయించమని పిలిచేవాళ్ళు కొందరు. అత్తగారు అందరికీ తనే మేనేజరు అయినట్టు జవాబులు చెబుతోంది. పిడుగు డ్రమ్ములు విప్పుతుంటే బాబాయి తన వ్యాను మెట్ల దగ్గరికి తెప్పించాడు. అన్నిటికంటే పెద్ద డ్రమ్మును ఎవరినీ ముట్టనివ్వకుండా తనే భుజానికెత్తుకుని, ఆయాసపడుతూ కిందికి దిగాడు.

"ఇది ఎక్కడ దించాలి? మా రిహార్సలు షెడ్డులోనా?" అని కొంటెగా అడిగాడు.

"మేడ మీదికే!" అన్నారు ముగ్గురూ ఒక్క గొంతుతో. పిడుగు గొంతు మిగతా ఇద్దరి గొంతులనీ మింగేసింది.